నాలుగు రంగుల గింజ

నాలుగు చుట్టలూ విప్పాక పుష్ప మొదట చేసిన పని తలుపు గడియ పెట్టడం.

ఆదివారం పొద్దున పదిన్నర. వాకిట్లో అత్త ముత్యమ్మ ఎండుమిర్చి తొడిమలు తీస్తోంది. భర్త ప్రభాకర్ చేను దగ్గరున్నాడు. ఆ ఇంట్లోకి తొంగి చూసేవాళ్ళెవరూ లేరు. అయినా గడియ పెట్టింది.

కింద గోనెపట్టా మీద పాత చీర చింపిన తడిగుడ్డలు నాలుగు. ఒక్కో గుడ్డలో ఇరవై ఐదు మక్కజొన్న గింజలు. ఒక గుడ్డలో ఎర్రరంగు పట్టించినవి, ఒకదాంట్లో పచ్చవి, ఒకదాంట్లో నీలం, ఒకదాంట్లో గులాబి. నాలుగు కంపెనీల సంచుల్లోంచి తీసి ఏడు రోజుల కింద చుట్టింది. చివరి రెండు రోజులు కిటికీ వెలుతురులో నిలబెట్టింది. మొలకలు వేలెడెత్తు లేచాయి.

ఆమె ఒక్కో గుడ్డలోంచి ఒక మొలక తీసి పక్కపక్కన పెట్టింది. కాడ అడుగున గోరంత మేర ఊదారంగు. నాలుగింటికీ అంతే. మొదటి ఆకు కొస గరిటె తీరుగా గుండ్రం. నాలుగింటికీ అంతే. వేరు మొదట్లో లేత ఎరుపు. మరో నాలుగు తీసింది. మరో నాలుగు. తొందరలో ఏ గుడ్డలోది ఏదో కలిసిపోయాయి. విడదీద్దామని చూస్తే, మొలకకు అంటుకున్న గింజ తొక్క రంగు తప్ప ఇంకే గుర్తూ లేదు.

తలుపు చప్పుడైంది.

"ఏందే పిల్లా, పట్టపగలు గడియేంది?"

"గాలికి మొలకలు ఆరుతయత్తా."

"మొలిచినయా?"

"మొలిచినయ్."

"అన్నీనా?"

"వందకు తొంభై ఆరు."

"మరింకేంది? వాకిలి తియ్యి. మొగులయ్య అడగొచ్చిండు."

పుష్ప మొలకల్ని గుడ్డలో చుట్టి నీళ్ళ గాబు వెనక పెట్టి గడియ తీసింది. వాకిట్లో మొగులయ్య కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. డెబ్బై దగ్గరపడ్డ మనిషి. ఊళ్ళో ఏ పంచాయితీ అయినా చివరిమాట ఆయనది. పదిహేను రోజుల కింద పాల కేంద్రం ముందర చిట్టీలు వేయించింది ఆయనే.

"పోయినేడు అందరం ఒక్క సంచి పట్టుకున్నం," అన్నాడు ఆరోజు. "కాడకుళ్ళొచ్చింది. వారం దినాల్ల ఊరంతా ఒక్కతీరుగ ఒరిగింది. ఈయేడు గట్ల గాదు. రోడ్డుదిక్కు ఇండ్లోళ్ళు ఒక కంపెనీది, బడిదిక్కు ఒకటి, వాగుదిక్కు ఒకటి, గుట్టదిక్కు ఒకటి. తెగులొస్తే ఒక్కదాన్ని తింటది. మూడు మిగుల్తయి. అటిటు పంచుకొని ఎల్లదీద్దాం."

ఏ దిక్కు చిట్టీలో ఏ రంగొస్తే ఆ దిక్కుకు ఆ రంగు. వాగుదిక్కు ఉండే పుష్ప వాళ్ళకు నీలం వచ్చింది. పటాన్‌చెరు దగ్గర విత్తనాల షెడ్డులో ఆమె పని మొలక పరీక్షే కాబట్టి, నాలుగు సంచుల్లోంచి పిడికెడేసి ఆమె చేతిలోనే పోశారు.

"ఎట్లున్నయి బిడ్డా?" అడిగాడు మొగులయ్య.

"మొలక మంచిగున్నది మామా."

"ఇగ వాన పడుడే." ఆయన వెళ్ళిపోయాడు.

అబద్ధం చెప్పలేదు అనుకుంది పుష్ప. కానీ గాబు వెనక గుడ్డ వైపు చూడలేకపోయింది.

*

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకల్లా షెడ్డు గేటు దగ్గర ఫోన్ డబ్బాలో వేసి లోపలికి వెళ్ళింది. ఎవరి గింజలైనా తెచ్చి శుభ్రం చేసి, రంగుమందు పట్టించి, వాళ్ళ పేరున్న సంచుల్లో నింపి పంపడం ఆ షెడ్డు పని. పుష్ప ఉండేది పరీక్షగదిలో. అక్కడికి రంగు లేని గింజలు వస్తాయి, పేరు లేకుండా, నంబరు చీటీతో. వంద లెక్కపెట్టాలి. తడికాగితం మీద వరుసగా పేర్చాలి. చుట్టి, రబ్బరు వేసి, చల్లటి పెట్టెలో నిలబెట్టాలి. ఏడో రోజు విప్పి మంచివి, వంకరవి, చచ్చినవి వేరు చేసి రాయాలి. నాలుగేళ్ళుగా అదే పని.

ఆరోజు పదహారు చుట్టలు విప్పింది. ఇన్నాళ్ళూ ఆమె చూసింది మొలిచిందా లేదా అనే. ఇప్పుడు కాడ అడుగు చూసింది, ఆకు కొస చూసింది.

పదహారూ ఊదావే. పదహారూ గరిటెలే.

పదకొండింటికి నమూనా తెస్తానని చెప్పి రంగుపట్టే డ్రమ్ము దగ్గరికి వెళ్ళింది. కాంక్రీటు కలిపే యంత్రంలా తిరుగుతున్న డ్రమ్ములోంచి ఎర్రటి గింజలు జారుతున్నాయి. పక్కన గోనెసంచుల గుట్ట. ప్రతి సంచికీ కుట్టిన చీటీ. పుష్ప నంబరు చదివింది. చివరి నాలుగంకెలు మనసులో పెట్టుకుంది. డ్రమ్ము ఆగింది. ఒడిశా నుంచి వచ్చిన నడివయసు మనిషి పైపుతో డ్రమ్ము కడిగాడు. ఎర్రనీళ్ళు కాలవలోకి పోయాయి. అతను పచ్చరంగు డబ్బా మూత తీసి, ఆమెను పక్కకు జరగమన్నాడు.

"దీదీ, జెర హటో. అబ్ హరా చలేగా."

అతను అదే గుట్టలోంచి సంచి ఎత్తాడు. అదే నంబరు. మనసులో పెట్టుకున్న అంకెలే.

"భయ్యా, సంచి మారలేదేంది?" అంది పుష్ప.

అతను నవ్వాడు. "కలర్ బదల్‌తా హై దీదీ. మాల్ తో వహీ హై." రంగే మారుతుందట, సరుకు అదేనట.

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో కృష్ణప్రియ నిలబడి ఉంది. పరీక్షగదికి ఆమే పెద్ద. రామచంద్రాపురంలో ఉంటుంది, అమ్మానాన్నలది గోదావరి వైపు. గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. అందుకే పనివాళ్ళకు ఆమె అంటే బెదురు.

"ఇక్కడేం పని పుష్పా?"

"నమూనాకి మేడం."

"నమూనా పొద్దున్నే వచ్చింది. గదిలోకి రా."

గదిలో కృష్ణప్రియ తలుపు గడియ వేసింది. ఆ వారం గడియ చప్పుడు వినడం పుష్పకు రెండోసారి.

"చేతులు చూపించు."

పుష్ప చూపించింది.

"మన గదిలోకి రంగు గింజ రాదు. నీ గోళ్ళ సందున పచ్చ ఉంది, గులాబి ఉంది. ఎక్కడివి?"

ఎవరు చెప్పారు ఈమెకు అనుకుంది పుష్ప. కుమారా? ఊళ్ళో విత్తనాల దుకాణం అతనిదే. షెడ్డుకు రోజూ ఫోన్లు చేస్తాడని విన్నది. గేటు దగ్గర వాచ్‌మనా? దాయడం దండగని తోచింది.

"మా ఊరి సంచులవి మేడం. ఇంట్ల మొలక పెట్టి సూసిన. నాలుగూ ఒక్కటే."

"అవును," అంది కృష్ణప్రియ.

పుష్ప తల ఎత్తింది. కాదంటుందనుకుంది. తిడుతుందనుకుంది.

"నాలుగే కాదు. ఈ ఏడాది మనం చేసినవి తొమ్మిది పేర్లు. అన్నీ ఒక తల్లీ తండ్రీ గింజే. ఒకళ్ళు పండిస్తారు, తొమ్మిదిమంది కొనుక్కుని తమ పేరు పెట్టుకుంటారు. దొంగతనం కాదు. సంచి మీద మొలక శాతం నిజం, బరువు నిజం, తేదీ నిజం. తల్లిదండ్రుల నంబరు మాత్రం మన చీటీ మూలన ఉంటుంది. సంచి మీదకి ఎక్కదు. ఎక్కించమని ఎవరూ అడగలేదు."

"మావోళ్ళు చిట్టీలేసుకొని పంచుకున్నరు మేడం. ఒకటి పోతే మూడు మిగుల్తయని."

కృష్ణప్రియ బల్ల మీద కాగితాల అంచులు సరిచేసింది.

"నేను నీతో ఏమీ అనలేదు," అంది చివరికి. "వెళ్ళి చేతులు సబ్బుతో కడుక్కో. ఆ రంగు విషం."

*

ఆ సాయంత్రం పాల కేంద్రం దగ్గర చెప్పేసింది.

పోయినేడు ఆ వేళకు అక్కడ పన్నెండు పాలక్యాన్లు వరుసలో ఉండేవి. ఇప్పుడు ఐదు. మేతకు మక్కచొప్ప లేక, చాలామంది బర్రెల్ని అమ్ముకున్నారు. ప్రభాకర్ తమకు మిగిలిన ఒక్క బర్రె పాలు పోసి క్యాను కడుగుతున్నాడు. మొగులయ్య అరుగు మీద కూర్చున్నాడు. కుమార్ బండి దిగుతున్నాడు. ఇంకో పదిమంది దాకా ఉన్నారు.

పుష్ప గుడ్డ విప్పి మొలకలు అరుగు మీద పరిచింది. డ్రమ్ము సంగతి చెప్పింది. కృష్ణప్రియ పేరు ఎత్తలేదు.

ముందు కుమారే మాట్లాడాడు. "వదినె, నాలుగు కంపెనీల బిల్లులున్నయి నా దగ్గర. నాలుగు బండ్లొచ్చి దింపిపోయినయి. నా మూడెకరాల్ల నేను గూడ పచ్చదే పోస్తున్న. నా చేనుకు నేనే మోసం జేసుకుంటనా?"

అతని మొహంలో దొంగతనం కోసం వెతికింది పుష్ప. కనపడింది కంగారు. అతనికీ తెలియదు. అందుకు ఆమెకు ఇంకా భయం వేసింది.

మొగులయ్య మొలకల్ని ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. కళ్ళకు దగ్గరగా, దూరంగా.

"బిడ్డా, నాలుగు ఒక్కతీరున్నయంటున్నవ్. ఒప్పుకుంట. మక్క మొలక మక్క మొలక తీరుగనే ఉంటది గద. వేరే జాతిది ఎట్లుంటది?"

"కొన్నిటికి కాడ అడుగు తెల్లగుంటది మామా. ఆకు సూదితీరు ఉంటది."

"ఒక్కటి సూపియ్యి."

పుష్ప వేరేది ఎప్పుడు చూసింది? పనిలో చేరిన కొత్తలో చూసిన గుర్తు. ఇప్పుడు షెడ్డులో లేదు. కుమార్ దుకాణంలో లేదు. ఊళ్ళో అసలే లేదు.

"ఇప్పుడు లేదు మామా."

ఎవరో నవ్వారు. "వేరేది ఉన్నదంటది, సూపియ్యమంటే లేదంటది."

"ఐదో కంపెనోడెవడో దొరికుంటడు," అన్నారింకొకరు. "రేపు వానిది కొనమని జెప్తది. గింత తక్లీఫ్ ఊకెనే పడ్తదా? ఏ కంపెనోళ్ళు పంపిర్రు పుష్పా?"

ప్రభాకర్ క్యాను ఎత్తి బండి హ్యాండిలుకు తగిలించాడు. మూత పెట్టడం మర్చిపోయాడు. భార్య వైపు చూడకుండా బండి తోసుకుంటూ పోయాడు.

"బిడ్డా," అన్నాడు మొగులయ్య, అందరూ వినేటట్టు, "కంపెనీల పనిజేసేటోళ్ళ మాట మీద ఊరు నడువది. వేరేది తేలేవు. మల్ల గీ ముచ్చట తియ్యకు."

ఇంటికి వచ్చేసరికి ముత్యమ్మ రొట్టె తడుతోంది. ప్రభాకర్ గోడకు ఆనుకొని కూర్చున్నాడు.

"ఇజ్జత్ దీసినవ్," అన్నాడు. "ఇగ నేను నలుగుట్ల ఎట్ల నిలవడాలె?"

ముత్యమ్మ పెనం మీద రొట్టె తిప్పింది. "నేను పసిదాన్నప్పుడు కరువొచ్చింది. మా అవ్వగారింట్ల పచ్చజొన్న పోయింది, తెల్లజొన్న పోయింది. పోయిందంటే గింజ లేదు. సామ నిలవడ్డది. సామ గట్కతోని నెలలు ఎల్లదీసినం."

"ఎందుకు నిలవడ్డది?" అంది పుష్ప.

"ఏమెర్క? అది జొన్న గాదు గాబట్టి."

"గప్పటి ముచ్చట్లు ఇప్పుడెందుకే," అన్నాడు ప్రభాకర్. "రేషన్ బియ్యం లేవా? ఎవలు సస్తరు?"

"బర్రె తింటదారా రేషన్ బియ్యం?" ముత్యమ్మ రొట్టె తీసి అతని ముందర వేసింది. "మూడిట్ల ఒక్కటే మిగిలె. కరువు మొదలు కొట్టంలకొస్తది. ఆనెంక పొయ్యికాడికొస్తది. తిను."

అతను తిన్నాడు. కానీ పొద్దున నీలంసంచులు దించిన మూల వైపే చూస్తూ తిన్నాడు. పుష్ప వాటిని ఏమైనా చేస్తుందేమో అన్నట్టు.

*

మంగళవారం పుష్పను పరీక్షగదిలోకి పోనివ్వలేదు. వాచ్‌మన్ గేటు దగ్గరే చెప్పాడు. "మేడం చెప్పింది. ఇయ్యాల నీ డ్యూటీ వెనక స్టోర్ల."

అయిపోయింది అనుకుంది. ఊళ్ళో మాట నిన్న సాయంత్రానికే ఇక్కడికి చేరిందన్నమాట. వెనక స్టోరులో పని ఇచ్చి వారం తిరిగేసరికి రావద్దనడం ఆ షెడ్డులో అలవాటే.

స్టోరులో కృష్ణప్రియ ఒక ఇనప బీరువా తెరిచి నిలబడి ఉంది. పంపే ప్రతి సరుకులోంచి రంగు పట్టించకముందే పావుకిలో గుడ్డసంచిలో కట్టి అక్కడ దాస్తారు. రేపెవరైనా ఫిర్యాదు చేస్తే తీసి చూసుకోడానికి. మూడేళ్ళు దాటితే పారేయాలి. ఎన్నేళ్ళుగానో ఎవరూ పారేయలేదు.

"కింద అరలన్నీ ఖాళీ చెయ్యి. వెనక గుంటలో పోసేయి," అంది కృష్ణప్రియ. "రిజిస్టర్లో నేను కొట్టేస్తాను. ఎన్ని సంచులు పోశావో నేను లెక్క చూడను."

ఆ మాట అని వెళ్ళిపోయింది.

పుష్ప కదలకుండా నిలబడింది. ఇదేం ఉచ్చు? పిడికెడు తీస్తే గేటు దగ్గర సోదా చేయిస్తుందా? దొంగతనం అంటగట్టి పంపడం తేలికని ఇలా చేస్తోందా? చేయిస్తే చేయించనీ అనుకొని మోకాళ్ళ మీద కూర్చుంది.

చీటీల మూలన తల్లిదండ్రుల నంబరు పెన్నుతో రాసి ఉంది. అన్నిటికంటే పై అర ఈ ఏటిది. అక్కడ ఏ సంచి తిప్పినా నలభై ఒకటి. దాని కింద, పోయినేటి అరలో నలభై ఒకటి, పదిహేడు, ముప్ఫై. ఆ కింద ఆరు నంబర్లు. నేలకు ఆనుకున్న, అన్నిటికంటే పాత అరలో, దుమ్ము చేతులకు అంటుకుంటుంటే, లెక్కపెట్టింది. పదకొండు. ఎర్రగింజ ఉంది, తెల్లది ఉంది, గోధుమరంగు చిన్నగింజ ఉంది, గుర్రం పళ్ళలా వెడల్పుగా ఉన్నది ఉంది.

ఆమె మళ్ళీ పై అర చూసింది. తర్వాత కింది అర. ఇంత పెద్ద సంగతి ఈ బీరువాలో తాళం వేసి ఉందని ఇక్కడ ఎవరికైనా తెలుసా అనిపించింది. తెలిసే తాళం వేశారా అని కూడా అనిపించింది.

కింది అర గుంటలో పోసేముందు పిడికెడు తీసి కొంగుకు కట్టుకుంది.

గేటు దగ్గర సోదా చేయలేదు. వాచ్‌మన్ ఫోన్ డబ్బా ఆమె ముందుకు తోశాడు.

*

పాత గింజకు ప్రాణం తక్కువ. పుష్ప ఇరవై గింజలు తడిగుడ్డలో చుట్టి, రోజూ పొద్దున ఒకసారి, పని నుంచి వచ్చాక ఒకసారి నీళ్ళు చిలకరించింది. నాలుగోరోజుకు ఒక్కటీ కదల్లేదు. మిరుగం కార్తె వచ్చి వారమైంది. పడమట మబ్బు ముసురుతోంది. ఊళ్ళో విత్తనాలు వేసే ట్రాక్టరు డ్రిల్లుకు నూనె పెడుతున్నారు. దారిలో ఎదురైన ఆడవాళ్ళు ఆమెను చూసి మాట ఆపేస్తున్నారు. నీలంసంచులు ఇంట్లోంచి కొట్టంలోకి మారాయి. ప్రభాకర్ కొట్టం తలుపుకు గొలుసు వేశాడు.

సోమవారానికి మూడు మొలిచాయి. కాడ అడుగు తెల్లగా, పాలపుల్లలా ఉంది. ఆకు కొస సూది.

ఆమె పనికి వెళ్ళే దారిలో మొగులయ్య గట్టు మీద కనపడ్డాడు. షేర్ ఆటో ఆపించి దిగింది. తడిగుడ్డ ఆయన అరచేతిలో పెట్టి, పక్కన మొదటి ఊదా మొలకలు రెండు పెట్టింది.

"ఇది వేరేది మామా."

ఆయన చాలాసేపు చూశాడు. తెల్లటి కాడను బొటనవేలితో రాశాడు, రంగు వస్తుందేమోనని.

"మూడేనా?"

"ఇరవైట్ల మూడు."

"గీ గింజ ఏడ దొరుకుతది?"

"దొరకది. గుంటల పోయించిర్రు. నాచేతనే."

మొగులయ్య గుడ్డ మడిచి తిరిగి ఇచ్చాడు. కర్ర అందుకొని చేను వైపు తిరిగాడు. ఆటోలో జనం పిలుస్తున్నారు. పుష్ప వెళ్ళి ఎక్కింది. సంగారెడ్డి చౌరస్తా దాకా ఆయన మొహమే గుర్తుచేసుకుంది. నమ్మిన మొహమా అది, విసుగు మొహమా? తేలలేదు.

మధ్యాహ్నం వాన పడింది. షెడ్డు రేకుల మీద గంటన్నర మోగింది. సాయంత్రం ఊరు చేరేసరికి మట్టివాసన. ఎవరి నోట విన్నా ఒకటే మాట, ఎల్లుండికి విత్తే పదును.

*

బుధవారం తెల్లవారి ప్రభాకర్ కొట్టం గొలుసు తీశాడు. నీలంసంచులు ట్రాక్టరు మీద వేసుకుపోయాడు. పుష్ప టిఫిను డబ్బా కడుతూ చూసింది. ఎనిమిది గంటలకు ఆటో ఎక్కేసరికి తమ నాలుగెకరాల్లో రెండెకరాలు విత్తడం అయిపోయింది.

ఊరి బయట ఎక్కడ చూసినా డ్రిల్లులు తిరుగుతున్నాయి. రోడ్డుదిక్కు చేలల్లో ఎర్రసంచులు, బడిదిక్కు పచ్చవి. కుమార్ ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి తన చేనులో ట్రాక్టరు వెనక నడుస్తున్నాడు. పుష్ప ఆటో కడ్డీ పట్టుకొని కూర్చుంది.

మొగులయ్య చేను దగ్గర ఆటో మలుపు తిరిగి నెమ్మదించింది. అప్పుడు చూసింది.

డ్రిల్లుకు ఐదు గొట్టాలు. నాలుగు గొట్టాల్లోంచి గులాబి గింజలు జారుతున్నాయి. ఐదో గొట్టం మూతికి పాత లుంగీ గుడ్డ కుక్కి ఉంది. కింద కర్రు మట్టి చీలుస్తోంది గానీ ఆ సాలులో గింజ పడటం లేదు. దాని వెనక మొగులయ్య భార్య నర్సింహమ్మ, నడుముకు ఒడి కట్టుకొని, ఖాళీ సాలులో ఏదో జారవిడుస్తూ వస్తోంది.

"ఆపన్నా," అంది పుష్ప.

"అక్కా, బస్సు అందది."

"అందకపోతే అందకపాయె. ఆపు."

చెప్పులు చేత్తో పట్టుకొని చేనులోకి దిగింది. నర్సింహమ్మ ఒడిలో కందులు. ఇంట్లో పప్పు చేసుకోడానికి ఉంచిన తొక్కకందులు, మధ్యమధ్య తెల్లజొన్నలు కలిపి.

"అక్కడిసాలు. నాలుగు సాళ్ళకు ఒక సాలు వేరే పంటది," అంది నర్సింహమ్మ నవ్వుతూ. "ఎన్నేండ్లయిందో. డ్రిల్లొచ్చినంక బందైంది. మీ మామకు నిన్న యాదికొచ్చింది. వంటింట్ల డబ్బాలన్నీ ఊడ్చిండు."

మొగులయ్య గట్టు మీద ఉన్నాడు. పుష్ప ఆయన ఎదురుగా నిలబడింది.

"నలుగుట్ల నన్ను నవ్వులపాలు జేసి," అంది.

"చేసిన." ఆయన కళ్ళు దించలేదు. "చిట్టీలేయించింది నేను. నాది తప్పని పాలకేంద్రం కాడ ఎట్లనాలె? సంచి కొన్న. ఇత్తకపోతే ఊరడుగుతది. గొట్టంల గుడ్డ పెడితే ఎవలడుగుతరు?"

"ఊరికి జెప్పవా మామా?"

"పొద్దుగాల నుంచి గిదే రోడ్డు మీదికెళ్ళి ఇరవైమంది పోయిర్రు. నువ్వొక్కదానివే దిగినవ్." కర్ర మట్టిలో గుచ్చాడు. "చెప్త. ఈ సాలు మొలిచినంక చెప్త. మొలిచింది సూపెట్టి చెప్త. నువ్వే అట్ల మొదలువెట్టినవ్ గద."

పుష్పకు ఆ మాట మీద పూర్తి నమ్మకం కలగలేదు. ఆయన చెప్పేసరికి ఇంకో వారం పోతుంది. వారంలో పదును ఆరిపోతుంది.

"నాకు కొన్నియ్యి మామా."

"నాకే సాలవు."

"కొన్ని."

నర్సింహమ్మ మొగుడి వైపు చూడలేదు. ఒడిలోంచి సోలెడు తీసి పుష్ప కొంగులో పోసింది.

ఆమె కాలిబాటన తమ చేనుకు వచ్చేసరికి ట్రాక్టరు వెళ్ళిపోయింది. నాలుగెకరాలూ విత్తేశారు. డ్రిల్లు గీసిన గీతలు దువ్వెనతో దువ్వినట్టు ఉన్నాయి. ప్రభాకర్ గట్టు మీద ఖాళీ నీలంసంచులు మడుస్తున్నాడు.

"డ్యూటీ లేదా?"

"ఉన్నది."

ఆమె టిఫిను డబ్బా గట్టు మీద పెట్టింది. ఒక కట్టె ఏరుకుంది. మొదటి రెండు గీతల నడుమ వంగి, కట్టెతో గుంట చేసి, రెండు కందులు వేసి, మట్టి కప్పింది. ఒక అడుగు. మళ్ళీ గుంట. తడిమట్టి కట్టెకు అంటుకొని ప్రతిసారీ దులపాల్సి వస్తోంది. పది గుంటలకు నడుము పట్టేసింది.

వెనక నుంచి అతను చూస్తున్నాడని తెలుసు. ఈసారి ఏమంటాడు? కొంగులోవి లాక్కుంటాడా? ఇప్పుడే వేసిన గింజ కాళ్ళ కింద పడుతుందని అరుస్తాడా? ఆమె వెనక్కి చూడలేదు.

"ఎవలిచ్చిర్రు?" అన్నాడు కాసేపటికి.

"మొగులయ్య మామ."

"ఆయనా?"

"గొట్టంల గుడ్డ వెట్టిండు. పోయి సూడు."

అతను వెళ్ళలేదు. గట్టు మీంచి మొగులయ్య చేను వైపు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకొని చూశాడు. అంత దూరంలో ట్రాక్టరు కనపడుతుంది, వెనక నడిచే ఆడమనిషి కనపడుతుంది. చాలాసేపు చూశాడు.

"సాలు వంకర పోతున్నది," అన్నాడు.

"పోనియ్యి."

అతను ఖాళీసంచులు గట్టు మీద పడేశాడు. చెప్పులు విడిచాడు. చేనులోకి దిగి ఆమెను దాటి ముందుకు వచ్చి, ఎదురుగా తుమ్మచెట్టు గురి పెట్టుకొని నడవడం మొదలుపెట్టాడు. అడుగడుక్కీ మడమ మట్టిలో నొక్కి తిప్పుతున్నాడు. మడమ పడ్డచోట గుంట. పుష్ప కట్టె పారేసింది. అతని మడమ గుంటల్లో రెండేసి గింజలు వేసి కాలితో మట్టి తోసింది. ఒక సాలు అయింది. తిరిగి వచ్చి రెండోది పట్టారు.

మూడో సాలు సగంలో కొంగు దులిపితే ఏమీ రాలలేదు.

"అయిపోయినయ్," అంది.

ప్రభాకర్ వినే ఉంటాడు. తల తిప్పలేదు. తుమ్మచెట్టు మీద చూపు నిలిపి, మడమ నొక్కి తిప్పుకుంటూ, సాలు చివరిదాకా గుంటలు చేసుకుంటూనే పోయాడు.